ఇన్ని నీళ్లు ఎటు పోతున్నాయండీ?

మే నెలలో ఓ ఆదివారం. నరసరావుపేట నుంచి ఓ మాస్టారి కుటుంబం తెల్లవారుజామునే శ్రీశైలం బయల్దేరింది. ముందు సీట్లో మాస్టారు, ఆయన భార్య. వెనక ఇద్దరు పిల్లలు, వాళ్ల నాయనమ్మ. కారు చిన్నది, పదకొండేళ్లది. పెద్దావిడ మొక్కు ఒకటి రెండేళ్లుగా బాకీ ఉంది. వినుకొండలో టిఫిన్లు అయ్యాయి. దోర్నాలలో కొబ్బరి బొండాలు తాగారు. అంతవరకూ బండి ఏ పేచీ పెట్టలేదు. ఏసీ చల్లగా వస్తోంది. పిల్లలు పాటల కోసం కొట్టుకుంటున్నారు.

నల్లమల ఘాట్ మొదలై నాలుగైదు మలుపులు తిరిగాక ఏసీ గాలి కాస్త వెచ్చబడింది.

"ఏవండీ, ఏదో తియ్యటి వాసన వస్తోంది. బెల్లం పాకం మాడినట్టు" అందావిడ.

మాస్టారు డ్యాష్‌బోర్డు వంక చూశారు. ఎప్పుడూ సగానికి కాస్త కిందే ఉండే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వచ్చేసింది. వెంటనే ఏసీ కట్టేశారు. అక్కడ రోడ్డు ఇరుకు. ముందు ఎక్కడైనా నీడ చూసుకుని ఆపుదామనుకున్నారు. ఇంకో రెండు మలుపులు ఎక్కారో లేదో ముల్లు దబ్బున కిందికి పడిపోయింది. "హమ్మయ్య, తగ్గింది" అని ఊపిరి పీల్చుకున్నారు.

అసలు గండం అప్పుడే మొదలైంది. ఆ ముల్లు చూపించేది ఇంజిన్ లోహం ఎంత వేడిగా ఉందో కాదు. ఇంజిన్‌లో తిరిగే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో చూపిస్తుంది. నీళ్లలో మునిగి ఉండే చిన్న సెన్సర్ ఆ కబురు పంపుతుంది. నీళ్లు అయిపోతే సెన్సర్ ఖాళీలో వేలాడుతుంది. పాపం దానికి తగిలే వేడి తక్కువ. కాబట్టి 'అంతా బాగానే ఉంది' అంటుంది. ఎర్ర గీత దాకా వెళ్లిన ముల్లు, బండి ఆపకుండానే ఒక్కసారిగా పడిపోయిందంటే సంతోషించాల్సింది ఏమీ లేదు. అక్కడికక్కడే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. ఈమధ్య వచ్చిన బళ్లలో చాలావాటికి ముల్లు కూడా లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మితిమీరితే ఎర్ర లైటు. ఎర్ర లైటు వెలిగే వేళకి వ్యవహారం సగం చెడి ఉంటుంది. ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీలు చేసిన పనుల్లో ఇదొక దిక్కుమాలిన పని.

మరో అర కిలోమీటరు వెళ్లేసరికి బండి లాగడం మానేసింది. బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి. మాస్టారు ఓ పక్కకి ఆపి, పిల్లల్ని దింపి, బానెట్ లేపి, భుజం మీద తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయారు. సరిగ్గా అప్పుడే పైనుంచి దిగుతున్న ఓ ఖాళీ లారీ కీచుమంటూ ఆగింది.

"సార్! సార్! మూత ముట్టుకోవద్దు!"

డ్రైవరు అరవయ్యేళ్ల మనిషి. దూకినట్టే దిగొచ్చాడు. ఏమీ చెప్పకుండా కుడిచేతి చొక్కా పైకి మడిచాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ముడతలు పడి, తెల్లగా మెరుస్తోంది. "నేను కూడా తువ్వాలే పట్టుకున్నా సార్. ఇరవయ్యేళ్లయింది" అన్నాడు.

కుక్కర్ మూత అలా తీస్తారా?

ఆ లారీ డ్రైవరు చెయ్యి చూశాక మాస్టారి భార్య అన్న మాట ఇది. "కుక్కర్ విజిల్ పడకుండా మూత తీస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మీకు తెలీదా?"

ఆవిడ పోలిక అక్షరాలా నిజం. వంటింటి కుక్కర్, కారు రేడియేటర్ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. మామూలుగా నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఒత్తిడి పెంచితే ఇంకా వేడెక్కాకగానీ మరగదు. రేడియేటర్ మూతలో ఒక స్ప్రింగు ఉంటుంది. చాలా కార్లలో అది చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుంది. కుక్కర్ బరువు కూడా ఇంచుమించు అంతే. ఆ ఒత్తిడిలో నీరు 120 డిగ్రీల దగ్గరికి వచ్చేదాకా నీరుగానే ఉంటుంది. బయటికి చూస్తే ప్రశాంతంగానే ఉంటుంది. మూత తిప్పిన మరుక్షణం ఒత్తిడి పోతుంది. అప్పటిదాకా నీరుగా ఉన్నదాంట్లో కొంత భాగం ఆవిరైపోయి, మిగతా సలసల కాగే నీళ్లని కూడా తోసుకుంటూ మనిషి ముఖం మీదికే వస్తుంది. ఒక లీటరు నీరు మొత్తం ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల చోటు కావాలి. ఇక తువ్వాలు ఏం ఆపుతుంది?

అందుకే ఇంజిన్ ఆపాక కనీసం ముప్పావుగంట ఆగాలి. పై హోస్ పైపును దూరం నుంచి చూసి కాదు, అది చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక నొక్కి చూడాలి. మెత్తగా నొక్కుకుంటే లోపల ఒత్తిడి లేదన్నమాట. రాయిలా గట్టిగా ఉంటే ఇంకా ఆగాలి. అప్పుడైనా మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకి పెట్టి, మూతని మొదటి మెట్టు దాకా మాత్రమే తిప్పాలి. బుస్సుమన్న చప్పుడు పూర్తిగా ఆగాక మిగతాది.

ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు బానెట్ దగ్గరికి వచ్చి తొంగిచూడటం మామూలే. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ కరెంటుతో తిరుగుతుంది. ఇంజిన్ ఆపేశాక కూడా వేడిని బట్టి తనంతట తనే మొదలవుతుంది. చీర కొంగు, చున్నీ, జడ... ఏదైనా దానికి అందేంత దూరంలో ఉండకూడదు.

మాస్టారి దగ్గర అయిదు లీటర్ల మంచినీళ్ల క్యాన్ ఉంది. అది ఇంజిన్ మీద గుమ్మరించి చల్లబరుద్దామా అని పెద్దబ్బాయి సలహా. లారీ డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. నిప్పులా కాలుతున్న లోహం మీద చన్నీళ్లు పడితే పగిలిపోతుంది. పొయ్యి మీద నుంచి దించిన గాజు గిన్నెను కుళాయి కింద పెట్టినట్టే. అందరూ చెట్టు కింద కూర్చున్నారు. పెద్దావిడ పులిహోర పొట్లాలు విప్పింది. లారీ డ్రైవరుకి కూడా ఒకటి పెట్టింది.

ముప్పావుగంటలో ఒక చరిత్ర

ఇలా దారి మధ్యలో ఆగి నీళ్ల కోసం చూడటం కారు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిలో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దాదాపు వంద కిలోమీటర్లు. కారులో అంత దూరం ఎవరూ అంతకుముందు వెళ్లలేదు. ఆ ఇంజిన్‌కి రేడియేటర్ లేదు. నీళ్లు మరిగి ఆవిరై పోతుంటే ఇంజిన్ చల్లబడేది. కాబట్టి నీళ్లు దొరికిన చోటల్లా ఆపి పోసుకుంటూ పోవడమే. 1901లో వచ్చిన మెర్సిడెస్ కారుకి విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టులా ఉండే రేడియేటర్ పెట్టాడు. సన్నటి గొట్టాలు వేలల్లో కలిపి చేసినది. నీళ్లు పారేసుకోకుండా ఉన్న నీళ్లనే గాలితో చల్లార్చి మళ్లీ వాడుకోవడం దాంతో బాగా కుదిరింది. ఇప్పటి కార్లదీ అదే పద్ధతి.

ఇంజిన్‌లో మండే పెట్రోలు శక్తిలో చక్రాలకు చేరేది తక్కువ. లెక్క రమారమిగా చెప్పాలంటే మూడో వంతు పొగగొట్టం నుంచి పోతుంది, ఇంకో మూడో వంతు వేడిగా మారి నీళ్లలోకి వెళ్తుంది. చిన్న కారులో తిరిగేది నాలుగైదు లీటర్లే. వాటర్ పంపు ఆ కొద్ది నీళ్లనే ఇంజిన్ చుట్టూ, రేడియేటర్ గుండా తిప్పుతూ ఉంటుంది. ఆ నాలుగైదు లీటర్లలో ఒకటి తగ్గితే సమతలం మీద బండి ఎలాగో నెట్టుకొస్తుంది. ఘాట్ ఎక్కించినప్పుడు, నిండా జనంతో, ఏసీతో, మే నెల ఎండలో... అసలు రంగు బయటపడుతుంది.

మాస్టారి కారులో ఎంత తగ్గిందో ఎవరికీ తెలీదు. తెలిసిన సంగతల్లా ఒకటే. ఫిబ్రవరి చివర్లోంచి ఆయన పది రోజులకోసారి బానెట్ లేపి పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోస్తున్నారు. ఇంటి బోరు నీళ్లే. మార్చిలో ఓ రోజు ఆవిడ అడిగింది కూడా... "ఇన్ని నీళ్లు ఎటు పోతున్నాయండీ?" అని. "ఎండలు కదా, ఆవిరైపోతుంటాయి" అన్నారాయన.

కావు. కుండలో నీళ్లు ఆవిరైనట్టు కారులో నీళ్లు ఆవిరి కావు. మూత బిగించిన ఏర్పాటు అది. వేడెక్కి నీళ్లు ఉబ్బితే పక్క డబ్బాలోకి పోతాయి. చల్లారితే డబ్బాలోంచి వెనక్కి వస్తాయి. ఏడాదికి కొద్దిగా తగ్గితే అనుకోవచ్చు. నెలకి మూడుసార్లు పొయ్యాల్సి వస్తోందంటే ఎక్కడో దారి ఉంది. పోసిన నీళ్లు జబ్బుని నయం చెయ్యవు, కనపడకుండా కప్పిపెడతాయి.

ముప్పావుగంట తర్వాత నాలుగు లీటర్లకి పైగా పట్టాయి. ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఎగిరెగిరి పడింది. వెనక గొట్టంలోంచి దట్టంగా తెల్లటి పొగ. రేడియేటర్ నోట్లో నీళ్లు బుడగలు కక్కుతున్నాయి. "ఆపెయ్యండి సార్, హెడ్ గాస్కెట్ పోయినట్టుంది. ఇంకో కిలోమీటరు నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది" అన్నాడు లారీ డ్రైవరు. "మరి పసుపు వేస్తే ఆగదా బాబాయ్?" అని అడిగారు మాస్టారు. పాతకాలం డ్రైవర్లు రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు వేసేవారని ఎక్కడో విన్నారాయన. అది నిజమే. చిన్న చిల్లు అయితే పసుపు ముద్దకట్టి ఊరు చేరేదాకా పట్టి ఉంచుతుంది. కానీ అదే పసుపు సన్నటి గొట్టాల్లోనూ ముద్దకడుతుంది. దెబ్బకి పెట్టాల్సిన పసుపుని నెత్తురులోకి ఎక్కించినట్టు. గాస్కెట్ విషయంలో దానితో అసలు పనే లేదు.

లారీకి తాడు కట్టి, మెల్లగా దోర్నాలకి దింపారు. ఆడవాళ్లు, పిల్లలు అక్కడే బస్సెక్కి ఇంటికి. మాస్టారు కారుతో పాటు మార్కాపురంలో ఓ మెకానిక్ షెడ్డుకి.

షెడ్డులో మొదటి ప్రశ్న

ఆ మెకానిక్ బానెట్ కూడా లేపకముందే అడిగాడు. "మాస్టారూ, ఎన్నాళ్లనుంచి నీళ్లు పోస్తున్నారు?"

మంచి మెకానిక్‌ని గుర్తుపట్టడానికి ఇదొక్కటి చాలు. గాస్కెట్ కాలిపోయిందని లారీ డ్రైవరే చెప్పేశాడు. అది మార్చి పంపేస్తే ఆ రోజుకి పని అయిపోతుంది. కానీ గాస్కెట్ తనంతట తాను పోలేదు. ఇంజిన్ మితిమీరి వేడెక్కింది కాబట్టి పోయింది. నీళ్లు తగ్గాయి కాబట్టి వేడెక్కింది. నీళ్లు ఎందుకు తగ్గాయి? అక్కడిదాకా వెళ్లకపోతే కొత్త గాస్కెట్ కూడా దసరా దాకా ఉండదు.

ముందు ఇంజిన్ ఆయిల్ మూత తీసి చూపించాడు. లోపలి వైపు పాలు ఎక్కువైన కాఫీ రంగులో చిక్కటి నురగ. నీళ్లు ఆయిల్లో కలిశాయన్నమాట. తర్వాత టార్చి పట్టుకుని వాటర్ పంపు కిందికి చూశాడు. పంపు ఒంటికి అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. కావాలనే పెడతారు. లోపల సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా ఆ బెజ్జంలోంచి బొట్లుగా బయటికి వస్తాయి. అది పంపు పెట్టే అర్జీ. మాస్టారి కారులో ఆ బెజ్జం నుంచి కిందిదాకా సున్నం కారి ఎండినట్టు తెల్లటి చార. బోరు నీళ్ల పుణ్యమా అని చార అంత స్పష్టంగా కనిపించింది. ఇంట్లో కారు పెట్టేది ఇసుక మీద. రాలిన చుక్కలు రాలినట్టే ఇంకిపోయాయి. ఎవరి కంటా పడలేదు.

ఇంకో వింత కూడా బయటపడింది. థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఖాళీ. "ఇది ఎవరు పీకేశారు?" అన్నాడు మెకానిక్. నాలుగేళ్ల కిందట టౌన్లో ఒకతను 'మన ఎండలకి దీంతో పనేముంది సార్' అని తీసేశాడట.

ఈ మాట మన రోడ్ల పక్క ఎన్ని షెడ్లలో వినిపిస్తుందో లెక్కలేదు. థర్మోస్టాట్ అనేది ఒక చిన్న తలుపు. లోపల మైనం నింపిన గుళిక ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ తలుపు మూసుకునే ఉంటుంది. దాదాపు 82 నుంచి 90 డిగ్రీల మధ్య మైనం కరిగి ఉబ్బి తలుపుని తోస్తుంది. అప్పుడు నీళ్లు రేడియేటర్‌కి వెళ్తాయి. ఇంజిన్‌కి వేడి శత్రువే, చలి కూడా శత్రువే. తలుపు తీసేస్తే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఆ సేపంతా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు ఎక్కువ అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో అయితే ఆ తలుపు లేకపోతే నీళ్లు రేడియేటర్‌కి పూర్తిగా వెళ్లకుండా అడ్డదారిన తిరిగొస్తాయి. ఇంజిన్ చల్లబడటం అటుంచి ఇంకా వేడెక్కుతుంది. మూసుకుపోయిన థర్మోస్టాట్‌ని మార్చాలి. తీసేసి చేతులు దులుపుకోవడం వైద్యం కాదు.

హెడ్ విప్పితే రెండు సిలిండర్ల మధ్య గాస్కెట్ నల్లగా కాలి ఉంది. అల్యూమినియం హెడ్ కాబట్టి వంగింది కూడా. ఎంత? పైన స్టీలు స్కేలు నిలబెట్టి సందులోంచి చూస్తే ఓ కాగితం దూరేంత. ఆ కాగితం మందమే ఇన్ని వేలు ఖర్చుపెట్టించింది. హెడ్‌ని లేత్‌కి పంపి ఫేసింగ్ కొట్టించారు. కొత్త గాస్కెట్, పంపు, బెల్టు, థర్మోస్టాట్, ఆయిలు. ఫిబ్రవరిలో పంపు ఒక్కటే మార్చి ఉంటే అయ్యే ఖర్చుకి ఎన్నో రెట్లు అయింది. జూన్‌లో కట్టాల్సిన పిల్లల స్కూలు ఫీజు డబ్బులోంచి తీశారు.

కారు చెప్పే ఆనవాళ్లు

అన్ని కార్లకీ పంపే పోదు. బండి ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం జబ్బు ఇంట్లోనే తెలుస్తుంది. హైవే మీద హాయిగా వెళ్లి, ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగగానే ముల్లు లేస్తోందా? ముందు ఫ్యాన్‌ని అనుమానించాలి. హైవేలో గాలి తనంతట తనే తగులుతుంది, ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. బండి నిలబెట్టి ఏసీ వేసి చూడండి. చాలా కార్లలో ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాన్ కూడా తిరగాలి. తిరగకపోతే ఫ్యూజో, రిలేనో, మోటారో. ఫ్యూజ్ అయితే అదృష్టం, కొన్ని రూపాయల్లో పోతుంది. దీనికి తలకిందులుగా, ఊళ్లో బాగుండి హైవేలో వేగం పెంచితే వేడెక్కుతుంటే నీళ్లు సరిగా తిరగడంలేదన్నమాట. రేడియేటర్ గొట్టాలు తుప్పు, సున్నంతో పూడి ఉండొచ్చు. పంపు రెక్కలు అరిగి ఉండొచ్చు. కింది హోస్ మెత్తబడి, ఇంజిన్ రేజ్ చేసినప్పుడు లోపలికి పీల్చుకుపోతుండొచ్చు. ఇది చూడాలంటే ఒకరు యాక్సిలరేటర్ తొక్కాలి, మరొకరు దూరం నుంచి చూడాలి. పొద్దున్నే స్టార్ట్ చేసిన పది నిమిషాల్లోపే ముల్లు పైకెళ్లి, పై హోస్ కాలుతుండగా రేడియేటర్ అడుగు మాత్రం చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుని తెరుచుకోవడంలేదు.

ఇక నీళ్లు తగ్గే జబ్బు. రాత్రి కారు కింద పాత పేపర్లు పరచండి. ఈ ఆదివారం అనుబంధం చదవడం అయిపోతే ఇదైనా పనికొస్తుంది. పొద్దున మరక ఎక్కడుందో చూస్తే కారుతున్నది ఎక్కడో అంచనాకి వస్తుంది. ఏసీ నుంచి కారే నీళ్లు చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. అవి ముందు సీటు కాళ్ల దగ్గర, ఓ పక్కగా రాలతాయి. రంగు ఉండదు, జిడ్డు ఉండదు, వాసన ఉండదు. కూలెంట్ అయితే పచ్చగానో, ఎర్రగానో, నీలంగానో ఉంటుంది. వేళ్ల మధ్య జారుతుంది. పేపర్ మీద ఏమీ లేదు, నీళ్లు మాత్రం తగ్గుతున్నాయి అంటే ఇంకో రెండు చోట్లు. కారు లోపల తియ్యటి వాసన, అద్దం మీద తుడిచినా పోని జిడ్డు మసక, కాళ్ల కింద చాప తడి ఉంటే లోపలి హీటర్ గొట్టాలు కారుతున్నాయి. అదీ కాకపోతే ఇంజిన్ తాగేస్తోంది. అంటే గాస్కెట్.

అంతకంటే ముందు రేడియేటర్ మూత చూడటం మరచిపోకూడదు. దాని రబ్బరు ఎండి పగిలితే ఒత్తిడి నిలవదు, నీళ్లు తొందరగా మరిగి పొంగిపోతాయి. మొత్తం ఏర్పాటులో అతి చవకైన భాగం అదే. అందరూ ఆఖర్న చూసేదీ అదే. షెడ్లలో చేత్తో కొట్టే చిన్న ప్రెషర్ పంపు ఉంటుంది. చల్లారిన ఇంజిన్ మీద దాన్ని మూత స్థానంలో బిగించి ఒత్తిడి పెట్టి, పది నిమిషాలు కదలకుండా ఉంచుతారు. ముల్లు దిగితే ఎక్కడో కారుతోంది. ఆ పరీక్ష చెయ్యకుండా "రేడియేటర్ మార్చాలి సార్" అన్నవాళ్ల మాట నమ్మే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

దారిలో ముల్లు ఎక్కుతూ, ఇంకా ఆవిరి రాకముందు ఒక ఉపాయం ఉంది. ఏసీ కట్టేసి, హీటర్ పూర్తిగా తిప్పి, బ్లోయర్ ఎక్కువలో పెట్టాలి. హీటర్ కూడా ఒక బుల్లి రేడియేటరే. ఇంజిన్ వేడి కొంత కారు లోపలికి వచ్చేస్తుంది. మే నెలలో అది నరకమే, కిటికీలు దించుకుని భరించాలి. కాస్త చోటు చూసుకుని ఆపుకునేంత వ్యవధి దొరుకుతుంది. ప్రయాణం పూర్తి చెయ్యడానికి కాదు.

నీళ్ల సంగతి కూడా. బోరు నీళ్లలో ఉండే లవణాలు నీళ్లు కాచే గిన్నెకి తెల్లటి పొర కట్టినట్టే ఇంజిన్ లోపల కూడా కడతాయి. ఆ పొర దాటి వేడి బయటికి రాదు. కూలెంట్‌ని ఇంగ్లిష్‌లో గడ్డకట్టనివ్వనిది అంటారు కాబట్టి 'మనకేం మంచు పడుతుందా' అనుకుంటారు. గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పు పట్టనివ్వదు, పంపు సీలుని కాపాడుతుంది, నీరు మరిగే వేడిని ఇంకాస్త పెంచుతుంది. చిక్కటి కూలెంట్ అయితే మామూలుగా సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. ముందే కలిపి అమ్మేదైతే అలాగే పొయ్యాలి. నీళ్లు లేకుండా ఒట్టి కూలెంటే పోస్తే ఎక్కువ మేలు జరుగుతుందనుకోవడం పొరపాటు. వేడిని మోసుకెళ్లడంలో దానికంటే నీళ్లే మెరుగు. రంగు చూసి కలపకూడదు. ఒకే రంగులో వేర్వేరు రకాలు ఉంటాయి. ఏది పొయ్యాలో, ఎన్నాళ్లకి మార్చాలో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. దారిలో గత్యంతరం లేకపోతే మంచినీళ్ల క్యాన్ నీళ్లు పోసుకోవచ్చు. ఊరు చేరాక మార్పించుకోవాలి.

ఇది మాత్రం ఇల్లాళ్లు గట్టిగా పట్టించుకోవాల్సిన సంగతి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది, చూడటానికి షర్బత్తులా ఉంటుంది. కొద్దిగా తాగినా కిడ్నీలు పాడై ప్రాణం మీదికి వస్తుంది. మిగిలిన కూలెంట్‌ని మంచినీళ్ల సీసాలోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో పోసి గూట్లో పెట్టడం మహా ప్రమాదం. కింద ఒలికినదాన్ని కుక్కలు, పిల్లులు నాకుతాయి. నీళ్లు పోసి కడిగెయ్యాలి. ఎవరైనా పొరపాటున తాగితే మొదటి గంటల్లో మనిషి మత్తుగా ఉన్నట్టే కనిపిస్తాడు. 'ఏం కాలేదులే' అని ఆగకుండా సీసాతో సహా ఆస్పత్రికి పరుగెత్తాలి.

మాస్టారి కారు తొమ్మిది రోజుల తర్వాత ఇల్లు చేరింది. చిన్నవాడు ప్లాస్టిక్ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ వేశాడు. రోజూ పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూసే పని వాడిదే. కారు ఇప్పుడు ఇసుక మీద పెట్టడంలేదు. గేటు దగ్గర నాపరాళ్ల మీద పెడుతున్నారు. మూడు వారాలైంది, నీళ్లు గీత మీద నుంచి కదల్లేదు. పెద్దావిడ మొక్కు మాత్రం ఇంకా బాకీయే. కార్తీకంలో వెళ్దామంటోంది. బస్సులోనా, కారులోనా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.